ఫీనాల్ పరీక్షలో ఊదారంగు చెప్పేదెంత?

ఇంటర్మీడియట్ విద్యార్థి ప్రయోగశాలలో గుర్తుపట్టవలసిన ప్రమేయ సమూహాలలో ఆల్కహాల్, ఫీనాల్, ఆల్డిహైడ్, కీటోన్, కార్బాక్సిలిక్ ఆమ్లం, ఎమీన్ ముఖ్యమైనవి. వీటిలో చూడటానికి అందమైన పరీక్ష ఫీనాల్‌ది. పరీక్షనాళికలో కొద్దిగా పదార్థం తీసుకొని, నీటిలో కరగించి, తటస్థ ఫెర్రిక్ క్లోరైడ్ ద్రావణం రెండు మూడు చుక్కలు వేయగానే నేరేడుపండు చాయగల ఊదారంగు నాళికంతా వ్యాపిస్తుంది. వెంటనే విద్యార్థి తన పుస్తకంలో మూడు గడుల పట్టికను పూర్తిచేస్తాడు. ప్రయోగం, పరిశీలన, అనుమితి అనేవి ఆ మూడు గడులు. మూడవ గడిలో వ్రాసేది ఒకే వాక్యం: ఫీనాల్ సమూహం ఉన్నది. రంగు రాకపోతే వ్రాసేదీ ఒకే వాక్యం: ఫీనాల్ సమూహం లేదు.

ఈ రెండు వాక్యాలలో మొదటిది కొంత తొందరపాటు. రెండవది అనేక సందర్భాలలో పొరపాటు. పరీక్షలో దోషం లేదు. దాని నుండి తీసే అనుమితి పరిశీలనకంటే పెద్దదిగా ఉండటమే దోషం. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల విద్యార్థుల విషయంలో ఈ దోషం మరింత కొట్టవచ్చినట్లు కనబడుతుంది. ఏలయన ఆ జిల్లాలలో ఫీనాల్ జాతి పదార్థాలు ప్రయోగశాల సీసాలలోనే గాక తోటలలోను, కర్మాగారాలలోను, కూలివారి చేతులమీదను ఉన్నవి. వాటిలో ముఖ్యమైనదానిని పట్టికలోని పరీక్ష పట్టుకోలేకపోవచ్చును.

పరీక్షలోని మేలు

విమర్శించే ముందు ఈ పరీక్షలోని మేలు గుర్తించటం న్యాయం. ఫీనాల్‌ను 1834లో రూంగే అనే జర్మన్ రసాయనవేత్త బొగ్గుతారు నుండి వేరుచేసి కార్బాలిక్ ఆమ్లమని పేరుపెట్టాడు. 1865లో గ్లాస్గోలో లిస్టర్ దానిని గాయాలు కుళ్ళకుండా ఉండేందుకు ఉపయోగించాడు. 1907లో బేక్లండ్ ఫీనాల్‌ను ఫార్మాల్డిహైడ్‌తో కలిపి బేకలైట్ తయారుచేశాడు. వైద్యంలోను, పరిశ్రమలోను ఇంత ప్రాముఖ్యం గల పదార్థాన్ని ఖరీదైన పరికరమేదీ లేకుండా, అర నిమిషంలో, రెండు చుక్కలతో చూపగలగటం చిన్న విషయం కాదు. ఔషధ ప్రమాణ గ్రంథాలు నేటికీ సాలిసిలేట్లను గుర్తించేందుకు ఫెర్రిక్ క్లోరైడ్‌ను వాడుతున్నవి.

ఈ రంగు వచ్చే విధానం కూడ బోధనకు అనువైనదే. బెంజీన్ వలయానికి నేరుగా అంటుకొని ఉన్న హైడ్రాక్సిల్ సమూహం నీటిలో కొద్దిగా హైడ్రోజన్ అయానును విడిచిపెడుతుంది. మిగిలిన ఫీనాక్సైడ్ అయాను ఫెర్రిక్ అయానుతో కలిసి రంగుగల సంక్లిష్ట సమ్మేళనాన్ని ఏర్పరుస్తుంది. ద్రావణంలో ఆమ్లం ఎక్కువైతే ఫీనాల్ అయానుగా విడిపోదు గనుక రంగు రాదు. క్షారం ఎక్కువైతే ఇనుము గోధుమరంగు హైడ్రాక్సైడుగా అవక్షేపిస్తుంది. ఫెర్రిక్ క్లోరైడ్ సహజంగా ఆమ్లగుణం గలది. అందుచేత దానికి సజల సోడియం హైడ్రాక్సైడ్ చుక్కచుక్కగా కలిపి, స్వల్పమైన అవక్షేపం నిలిచిపోగానే వడపోసి, తేటను వాడతారు. తటస్థ అనే మాటకు అర్థమిదే. ఈ ఒక్క మాటలో సమతాస్థితి అనే అధ్యాయమంతా ఇమిడి ఉన్నది. కాని పట్టికలోని మూడు గడులలో దేనిలోను దానికి చోటులేదు. ఊదారంగు వచ్చిన నాళికలో రెండు చుక్కలు సజల హైడ్రోక్లోరిక్ ఆమ్లం వేసి, రంగు మాయమవటం చూపితే ఆ అధ్యాయం కంటికి కనబడుతుంది. ఖర్చు రెండు చుక్కలు.

అనుమితి గడిలోని లోపం

మొదట, రంగు వచ్చిన సందర్భాలు చూడవలెను. ఫెర్రిక్ క్లోరైడ్ ఫీనాల్‌లకు మాత్రమే రంగు ఇవ్వదు. ఎసిటోఎసిటిక్ ఎస్టర్ వంటి ఈనాల్ రూపం గల పదార్థాలు కూడ ఎరుపు, ఊదా చాయలు చూపుతాయి. వాటిలో బెంజీన్ వలయమే లేదు. ఫీనాల్‌లన్నీ ఊదారంగే ఇస్తాయనటం కూడ సరికాదు. కెటికాల్ ఆకుపచ్చ చాయనిస్తుంది. హైడ్రోక్వినోన్‌ను ఫెర్రిక్ లవణం ఆక్సీకరణం చేస్తుంది గనుక దాని రంగు నిలువదు. ఊదారంగుకోసం మాత్రమే ఎదురుచూచిన విద్యార్థి ఆకుపచ్చను చూచి ఫీనాల్ కాదని వ్రాస్తే, ఆ తప్పు అతనిది కాదు. అతనికి నేర్పిన వాక్యానిది.

రెండవ పరీక్ష అయిన బ్రోమిన్ జలానిదీ ఇదే స్థితి. ఫీనాల్ బ్రోమిన్ జలంతో ట్రైబ్రోమో ఫీనాల్ అనే తెల్లని అవక్షేపాన్ని ఇస్తుంది. ఎనిలీన్ కూడ తెల్లని అవక్షేపాన్నే ఇస్తుంది. లిట్మస్ పరీక్ష మరీ బలహీనమైనది. ఫీనాల్ కార్బానిక్ ఆమ్లం కంటే కూడ బలహీనమైన ఆమ్లం గనుక సోడియం బైకార్బొనేట్ నుండి బుడగలు రప్పించలేదు. పలుచని ద్రావణంలో లిట్మస్‌ను ఎరుపు చేసిందో లేదో నిశ్చయించటం అనుభవం గల కంటికే కష్టం.

ఇక రంగు రాని సందర్భాలు. పిక్రిక్ ఆమ్లం పేరుకు ఆమ్లమైనా నిర్మాణంలో ఫీనాలే. మూడు నైట్రో సమూహాల ప్రభావం వలన అది ఫెర్రిక్ క్లోరైడ్‌తో విశిష్టమైన రంగు చూపదు. థైమాల్ మనవారి వంటింటి వాములోనే ఉన్న ఫీనాల్. ఆ ఘాటైన వాసన దానిదే. కాని అది నీటిలో అతి స్వల్పంగా మాత్రమే కరుగుతుంది గనుక నీటి ద్రావణంలో ఎదురుచూచే ఊదారంగు కనబడదు. అనుమితి గడి నిర్ణయం ప్రకారం వాములో ఫీనాల్ లేదని వ్రాయవలసి వస్తుంది!

రెండు ప్రమేయ సమూహాలు గల పదార్థం విషయంలో చిక్కు మరొక రకంగా వస్తుంది. సాలిసిలిక్ ఆమ్లంలో కార్బాక్సిలిక్ సమూహమూ ఉన్నది, ఫీనాల్ సమూహమూ ఉన్నది. విద్యార్థి ముందుగా బైకార్బొనేట్ పరీక్ష చేస్తాడు. బుడగలు వస్తాయి. కార్బాక్సిలిక్ ఆమ్లమని వ్రాసి కలం మూస్తాడు. ఒక్క పదార్థానికి ఒక్క జవాబు అనే అలవాటు రెండవ సమూహాన్ని కనబడనీయదు.

మాటల గందరగోళం కూడ ఇక్కడ పేర్కొనదగినది. ఫీనాల్, ఫినైల్, ఫినాయిల్ అనే మూడు మాటలు తెలుగులో దాదాపు ఒకే ధ్వనితో వినబడతాయి. మొదటిది పదార్థం. రెండవది బెంజీన్ వలయం నుండి ఒక హైడ్రోజన్ తీసివేయగా మిగిలిన సమూహం. మూడవది ఇల్లు కడిగే ద్రవం. నల్ల ఫినాయిల్‌లో బొగ్గుతారు సంబంధమైన ఫీనాల్ జాతి పదార్థాలుండటం వాడుక. తెల్ల ఫినాయిల్ సామాన్యంగా దేవదారు జాతి చెట్ల నూనెతో తయారైనది; అందులోని టెర్పినియాల్ ఆల్కహాలేగాని ఫీనాల్ కాదు. ఈ భేదాన్ని పాఠం విడదీసి చెప్పకపోతే, ఇంట్లోని సీసా పేరు చూచి విద్యార్థి దానిని ఫీనాల్‌గానే భావిస్తాడు.

జీడి అనే మాట

శ్రీకాకుళం జిల్లాలోని ఉద్దానం ప్రాంతం జీడిమామిడి, కొబ్బరితోటలకు ప్రసిద్ధి. పలాస, కాశీబుగ్గలు జీడిపప్పు పరిశ్రమకు కేంద్రాలు. జీడిమామిడి మనదేశపు చెట్టు కాదు. 16వ శతాబ్దంలో పోర్చుగీసువారు బ్రెజిల్ నుండి పడమటి తీరానికి తెచ్చారు. తెలుగువారు దానికి పెట్టిన పేరులోనే ఒక రసాయన పరిశీలన దాగి ఉన్నది.

ఆ చెట్టు రాకముందే ఇక్కడ నల్లజీడి ఉన్నది. దాని గింజల రసంతో రజకులు బట్టలమీద చెరగని గుర్తులు పెట్టేవారు. ఆ రసం ఒంటికి తగిలితే పుండు పడుతుంది. మామిడికాయ ముచ్చిక విరిచినప్పుడు చిమ్మే సొనను కూడ జీడి అంటారు. అది మూతికి తగిలి పొక్కని పిల్లలు విజయనగరం మామిడితోటల చుట్టుపట్ల అరుదు. విదేశం నుండి వచ్చిన చెట్టు పిక్కలోని నూనె కూడ అదే విధంగా చర్మాన్ని పొక్కించింది. జనం దానికీ జీడి అనే పేరే ఇచ్చారు. వృక్షశాస్త్రం ఈ మూడు చెట్లను ఒకే కుటుంబంలో చేర్చింది. రసాయనశాస్త్రం ఈ మూడు రసాలలోను ఒకే రకం పదార్థాలను కనుగొన్నది: బెంజీన్ వలయానికి ఒకటో రెండో హైడ్రాక్సిల్ సమూహాలు, వాటితోపాటు 15 లేక 17 కర్బన పరమాణువుల పొడవైన గొలుసు. అంటే ఇవన్నీ ఫీనాల్‌లే. ప్రయోగశాల పట్టిక చూపలేని వర్గాన్ని జనం తమ చర్మంతో కనిపెట్టి, ఒక్క మాటలో బిగించి ఉంచారన్నమాట.

జీడిపిక్క పెంకు బరువులో సుమారు నాలుగోవంతు నుండి మూడోవంతు వరకు ఈ నూనె ఉంటుంది. పచ్చి పెంకు నుండి వేడిచేయకుండా తీసిన నూనెలో అధికభాగం ఎనకార్డిక్ ఆమ్లం. ఇది పొడవైన గొలుసు తగిలించుకొన్న సాలిసిలిక్ ఆమ్లమే. వేడిచేస్తే ఇందులోని కార్బాక్సిలిక్ సమూహం కార్బన్ డైఆక్సైడుగా వెళ్ళిపోయి కార్డనాల్ అనే ఫీనాల్ మిగులుతుంది. కార్డాల్ అనే మరొక పదార్థం రెండు హైడ్రాక్సిల్ సమూహాలు గలది. కార్డనాల్‌ను ఫార్మాల్డిహైడ్‌తో కలిపి తయారుచేసే రెజిన్లు వాహనాల బ్రేకు లైనింగులలో ఉపయోగపడతాయి. బేకలైట్‌కు ఇవి వరుసకు దగ్గర చుట్టాలే.

ఇప్పుడు ఈ నూనెను అనుమితి గడి ముందు నిలిపి చూడవలెను. కార్డనాల్ నీటిలో కరగదు. నీటి ద్రావణంలో చేయవలసిన ఫెర్రిక్ క్లోరైడ్ పరీక్ష దానిపై సరిగా పనిచేయదు. లిట్మస్‌కు అది చలించదు. పట్టిక ప్రకారం తీర్పు: ఫీనాల్ సమూహం లేదు. జిల్లాలో పెద్దమొత్తంలో దొరికే ఫీనాల్ ఆ జిల్లా విద్యార్థి పరీక్షలో తప్పిపోతున్నది. పదార్థాన్ని ముందుగా ఆల్కహాల్‌లో కరగించి పరీక్షించవలెననే ఒక్క వాక్యం ఉంటే విద్యార్థికి దారి దొరుకుతుంది. అంతకంటే ముఖ్యంగా, రంగు రానప్పుడు పదార్థంలో సమూహం లేదా, పదార్థం కరగలేదా అనే ప్రశ్న అతనికి తట్టవలెను.

ఇది మార్కుల విషయం మాత్రమే కాదు. జీడిపిక్కలను కాల్చిగాని, ఆవిరిలో ఉడికించిగాని పెంకు పగులగొడతారు. ఈ పనిలో స్త్రీలు అధికసంఖ్యలో ఉన్నారు. చేతులకు ఆముదమో బూడిదో పూసుకొనటం ఈ పరిశ్రమలో పాత వాడుక. పొడవైన గొలుసు చర్మంలోని కొవ్వులోనికి సులభంగా చొచ్చుకొనిపోతుంది. వలయం వైపు చర్మపు మాంసకృత్తులతో కలిసి దేహపు రక్షణ వ్యవస్థను రెచ్చగొడుతుంది. మొదట పట్టని జీడి, ఒకసారి పడకపోవటం మొదలయిన తరువాత కొంచెం తగిలినా దురద, బొబ్బలు తెస్తుంది. ఈ స్త్రీల పిల్లలే కళాశాల ప్రయోగశాలలో ఊదారంగు చూచి ఆనందిస్తుండవచ్చును. తల్లి చేతిమీది మచ్చకూ, తన నాళికలోని పదార్థానికీ గల బంధుత్వం ఆ విద్యార్థికి తెలియకపోవటం చదువులోని లోటు.

సీసాలోని ఫీనాల్ కూడ ఇటువంటిదే. స్వచ్ఛమైన ఫీనాల్ సుమారు 41 డిగ్రీల సెంటిగ్రేడు వద్ద కరిగిపోతుంది. గాలి, వెలుతురు తగిలి గులాబిరంగు పొందుతుంది. చర్మానికి తగిలినచోట తెల్లబడి మొద్దుబారుతుంది. నొప్పి వెంటనే తెలియకపోవటమే దీనిలోని పెద్ద ప్రమాదం. నొప్పి లేదని విద్యార్థి ఉపేక్షిస్తే అది లోపలికి ఇంకి రక్తంలో కలుస్తుంది. తగిలిన వెంటనే బట్ట తొలగించి, అందుబాటులో ఉంటే పాలిఎథిలీన్ గ్లైకాల్‌తో తుడిచి, లేకపోతే ధారాళంగా నీటితో చాలాసేపు కడిగి, వైద్యునికి చూపవలెను. నొప్పి లేకపోవటం హాని లేకపోవటం కాదు. రంగు లేకపోవటం ఫీనాల్ లేకపోవటం కాదు. ఈ రెండూ ఒకే పాఠానికి రెండు ముఖాలు.

వాల్తేరు చూపిన దారి

ఈ ప్రాంతానికి పెద్దచదువులు కొత్తవి కావు. విజయనగరంలో 1857లో పాఠశాలగా మొదలైన మహారాజావారి విద్యాసంస్థ 1879లో కళాశాల అయినది. 1926లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు ఏర్పడినది. వాల్తేరులోని దాని రసాయనశాస్త్ర శాఖలో టి. ఆర్. శేషాద్రి 1930వ దశకం నుండి 1949 వరకు పనిచేశారు. తరువాత ఆయన ఢిల్లీ విశ్వవిద్యాలయానికి వెళ్ళారు. 1960లో లండన్ రాయల్ సొసైటీ సభ్యులైనారు. వాల్తేరులో ఆయన బృందం ఎన్నుకొన్న వస్తువులు దూరదేశపువి కావు. ప్రత్తిపూల పసుపురంగు, కానుగ గింజల పదార్థాలు వారి పరిశోధనలో చోటుచేసుకొన్నవి. ప్రత్తిపూల రంగులు అనేక హైడ్రాక్సిల్ సమూహాలు గల ఫీనాల్ జాతి పదార్థాలే.

ఇటువంటి పరిశోధనలో ఫెర్రిక్ క్లోరైడ్ రంగు మొదటి మెట్టు మాత్రమే. పదార్థాన్ని శుద్ధిచేసి, ద్రవీభవన స్థానం చూచి, ఎసిటేట్, మిథైల్ ఈథర్ వంటి ఉత్పన్నాలు తయారుచేసి, అణువును విడగొట్టి, చివరకు అదే పదార్థాన్ని ప్రయోగశాలలో నిర్మించి పోల్చుకొన్న తరువాతగాని నిర్మాణం నిశ్చయమైనట్లు భావించరు. ఇంటర్మీడియట్ విద్యార్థి ఇవన్నీ చేయలేడు, చేయనవసరం లేదు. కాని ఒక రంగుకూ, ఒక నిశ్చయానికీ మధ్య ఇంత దారి ఉన్నదని అతనికి తెలియవలెను. పట్టిక ఆ దారిని ఒక గీతగా కుదించివేసినది.

చేయదగిన మార్పులు

సమయం చాలదని, విద్యార్థులు ఎక్కువని, రసాయనాలు ఖరీదని ఉపాధ్యాయులు చెప్పే కారణాలు కాదనరానివి. అందుచేత కొత్త పరికరాలు అవసరం లేని మార్పులనే ఇక్కడ పేర్కొనటం సబబు.

మొదటిది, ప్రతి పరీక్షను మూడు నాళికలలో చేయించటం: ఒకదానిలో ఉత్త నీరు, ఒకదానిలో తెలిసిన ఫీనాల్, మూడవదానిలో తెలియని పదార్థం. ఫెర్రిక్ క్లోరైడ్‌కే సహజంగా పసుపురంగు ఉన్నది గనుక, దేనితో పోల్చి రంగు మారినదో విద్యార్థికి కనబడవలెను. ఉత్త నీటి నాళికలో కూడ రంగు మారితే తప్పు పదార్థంలో లేదు, సీసాలో ఉన్నది.

రెండవది, జవాబు లేదు అని వచ్చే పదార్థాన్ని కూడ ఇవ్వటం. శుద్ధమైన ఆస్పిరిన్ ఊదారంగు ఇవ్వదు, ఏలయన అందులోని ఫీనాల్ హైడ్రాక్సిల్ ఎసిటైల్ సమూహంతో మూయబడి ఉన్నది. తేమ తగిలి పాతబడిన బిళ్ళలో ఎసిటిక్ ఆమ్లమూ, సాలిసిలిక్ ఆమ్లమూ విడివడి, పులుసు వాసనతోపాటు ఊదారంగు కూడ వస్తుంది. శ్రీకాకుళం జిల్లా పైడిభీమవరం పారిశ్రామికవాడలో మందుల కర్మాగారాలున్నవి. ఇక్కడ చదివిన విద్యార్థి రేపు అటువంటిచోట నాణ్యత పరీక్షించే ఉద్యోగంలో చేరవచ్చును. ఈ చిన్న ప్రయోగం అతనికి ఊదారంగు ఒకచోట గుర్తింపు అనీ, మరొకచోట కల్మషానికి హెచ్చరిక అనీ నేర్పుతుంది.

మూడవది, స్థానిక పదార్థాలను ప్రవేశపెట్టటం. వామును ఆల్కహాల్‌లో నానబెట్టిన సారం, తేయాకు కషాయం, కరక్కాయ కషాయం సులభంగా దొరికేవి. కరక్కాయ కషాయం ఇనుప లవణంతో నల్లబడటం పూర్వం సిరా తయారీకి ఆధారమైన విషయం. అయితే పచ్చి జీడినూనెను మాత్రం విద్యార్థి చేతికి ఇవ్వరాదు. దానిని ఉపాధ్యాయుడే చేతితొడుగులు వేసుకొని, ఒక్క చుక్కతో, ఆల్కహాల్ ద్రావణంలో చూపవలెను. ఎందుకు ఇవ్వటంలేదో చెప్పటమే అక్కడ సగం పాఠం.

నాల్గవది, అన్నిటికంటే చౌక అయినది: పట్టికలో నాల్గవ గడి గీయటం. దానికి సందేహం అని పేరుపెట్టవచ్చును. ఈ రంగు మరి దేనివలన రావచ్చును, ఈ రంగు ఎందుచేత రాకపోయి ఉండవచ్చును అనే రెండు ప్రశ్నలకు అక్కడ ఒక్కొక్క వాక్యం వ్రాయించవలెను. మూల్యాంకనం చేసేవారు ఆ గడికీ మార్కులు కేటాయించవలెను. మార్కు లేని గడిని విద్యార్థి నింపడు.

అప్పుడు అనుమితి గడిలోని వాక్యం కూడ మారుతుంది. ఫీనాల్ సమూహం ఉన్నది అనటానికి బదులు, ఫీనాల్ సమూహం ఉండవచ్చును. బ్రోమిన్ జలంతోను, థాలీన్ పరీక్షతోను నిర్ధారించవలెను అని విద్యార్థి వ్రాస్తాడు. రంగు రానప్పుడు, నీటి ద్రావణంలో రంగు రాలేదు; ఆల్కహాల్‌లో చూడవలెను అంటాడు. వాక్యం కొంచెం పొడుగవుతుంది. కాని ఆ పొడుగులోనే నిజం పడుతుంది. ఊదారంగును గుర్తుపట్టేవారిని ప్రయోగశాలలు ఏటేటా తయారుచేస్తూనే ఉన్నవి. రంగు రానిచోట కూడ ఆగి ఆలోచించేవారు పలాస పెంకులవద్ద, పైడిభీమవరం సీసాలవద్ద నేడు కావలసి ఉన్నారు.